అమెరికాలో సీఎన్‌ఏ (సర్టిఫైడ్ నర్సింగ్ అసిస్టెంట్) సర్టిఫికేషన్: ఎక్కడ మొదలుపెట్టాలి? స్కిల్స్ పరీక్షలో ఎక్కడ తప్పుతారు?

అడిగినవారు: మొగలిరేకు

మా చెల్లెలు జార్జియాలో అట్లాంటా దగ్గర ఉంటోంది. హెచ్4 (భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడే వీసా) మీద వచ్చింది, ఈఏడీ (పని అనుమతి కార్డు) ఇప్పుడే చేతికొచ్చింది. నర్సింగ్ చదవలేదు, డిగ్రీ బీకామ్. నర్సింగ్ అసిస్టెంట్‌గా చేరాలనుకుంటోంది. నాలుగు సందేహాలు.

ఎన్ని గంటల శిక్షణ కావాలి? ఇంట్లో కూర్చుని ఆన్‌లైన్‌లో సర్టిఫికెట్ ఇస్తామనే ప్రకటనలు కనబడుతున్నాయి, అవి చెల్లుతాయా? పరీక్షలో కష్టమైన భాగం ఏది? ఏడాదిలో కాలిఫోర్నియాకి మారే అవకాశం ఉంది, అప్పుడు మళ్లీ మొదటినుంచీ చేయాలా?

---

జవాబు 1: తెల్లకోటు

ఆన్‌లైన్ సంగతి ముందు తేల్చేద్దాం. పాఠాలు ఆన్‌లైన్‌లో వినడం చాలా రాష్ట్రాల్లో కుదురుతుంది. క్లినికల్స్, అంటే చేతులతో చేసే శిక్షణ, మాత్రం మనిషి ఎదురుగా ఉండి చేయాల్సిందే. కాబట్టి మొత్తం ఇంటినుంచే అని ఎవరైనా చెబితే ఆ కాగితం రిజిస్ట్రీ (సీఎన్‌ఏల పేర్లు నమోదుచేసే రాష్ట్ర జాబితా) దగ్గర పనికిరాదు. డబ్బు కట్టేముందు రాష్ట్ర నర్స్ ఎయిడ్ రిజిస్ట్రీ ప్రచురించే ఆమోదిత కోర్సుల జాబితాలో ఆ స్కూల్ పేరు ఉందో లేదో చూడండి. స్కూల్ తన సైట్‌లో పెట్టుకున్న ముద్ర చూసి నమ్మకండి. కట్టాక చూసుకోవడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

గంటల లెక్క: 1987 నాటి ఫెడరల్ చట్టం ప్రకారం కనీసం 75 గంటలు. అందులో 16 గంటలు నర్సు పర్యవేక్షణలో చేతులతో చేసే పని. ఇంకో 16 గంటలు అసలు రెసిడెంట్‌ని (నర్సింగ్ హోమ్‌లో ఉండేవాళ్లని) ముట్టుకోకముందే పూర్తవ్వాలి: మాట్లాడే తీరు, ఇన్ఫెక్షన్ కంట్రోల్, గొంతుకు అడ్డం పడితే ఏం చేయాలనేదాంతో సహా అత్యవసర జాగ్రత్తలు, రెసిడెంట్ హక్కులు, వాళ్ల పని వాళ్లనే చేసుకోనివ్వడం. దీనిమీద రాష్ట్రాలు తమ గంటలు కలుపుకుంటాయి. జార్జియాలో 85, టెక్సాస్‌లో 100, కాలిఫోర్నియాలో 160 (ఇందులో 100 క్లినికల్), మెయిన్ రాష్ట్రంలో 180.

డబ్బు విషయంలో చాలామందికి తెలియనిది ఒకటి ఉంది. మెడికేర్, మెడికెయిడ్ (ప్రభుత్వ ఆరోగ్య బీమాలు) తీసుకునే నర్సింగ్ హోమ్‌లో ముందే ఉద్యోగం గానీ, ఆఫర్ గానీ ఉంటే శిక్షణకూ పరీక్షకూ వాళ్లు మీ దగ్గర డబ్బు తీసుకోకూడదు. సొంత డబ్బుతో కోర్సు చేసి, అది పూర్తయిన 12 నెలల్లోపు అలాంటి చోట చేరితే ఆ ఖర్చు తిరిగి ఇప్పించే ఏర్పాటు రాష్ట్రం చేయాలి. పని చేసిన కాలాన్నిబట్టి వాయిదాల్లో రావచ్చు. రశీదులన్నీ దాచుకోమనండి. సర్టిఫికెట్ రాకముందే ట్రైనీగా తీసుకునే నర్సింగ్ హోమ్‌లు కూడా ఉన్నాయి, కానీ నాలుగు నెలల్లోపు పరీక్ష గట్టెక్కాలి.

---

జవాబు 2: కాగితాలపులి

చదువుకన్నా ముందు మనవాళ్లకు అడ్డం పడేది పేరు. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే వీసాలో ఎఫ్ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని వస్తుంది, డ్రైవింగ్ లైసెన్స్‌లో ఇంకోలా పడుతుంది, ఈఏడీలో మరోలా. పరీక్షకు రిజిస్టర్ చేసిన పేరూ, ఆ రోజు చూపించే ఐడీ మీది పేరూ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. లేకపోతే లోపలికి పంపరు, ఫీజు కూడా పోతుంది. కోర్సులో చేరేరోజే ఏ ఐడీ చూపించాలో ఖాయం చేసుకుని స్కూల్‌లో, పరీక్షకు, బ్యాక్‌గ్రౌండ్ చెక్‌కు ఆ పేరే రాయించండి.

రెండోది టీబీ పరీక్ష. క్లినికల్స్‌కి వెళ్లాలంటే టీబీ లేదని కాగితం కావాలి. చిన్నప్పుడు బీసీజీ (టీబీ టీకా) వేయించుకున్నవాళ్లకు చర్మం కింద మందు వేసి చూసే పరీక్షలో టీబీ లేకపోయినా పాజిటివ్ వచ్చే అవకాశం ఉంది. అప్పుడు ఎక్స్‌రే అంటారు, ఇంతలో బ్యాచ్ మొదలైపోతుంది. బీసీజీ సంగతి చెప్పి మొదటే రక్తపరీక్ష అడగడం మేలు. చర్మ పరీక్షే చేయాలంటే ఒకసారి వేశాక 48 నుంచి 72 గంటల్లో చూపించాలి, రెండు విడతలదైతే 1 నుంచి 3 వారాల తర్వాత మళ్లీ వేస్తారు. కాబట్టి నెలముందే మొదలుపెట్టాలి. హెపటైటిస్ బీ, ఫ్లూ టీకాల రికార్డులు, సీపీఆర్ (గుండె ఆగినప్పుడు చేసే ప్రథమ చికిత్స) నేర్చుకున్నట్లు కార్డు కూడా చాలా స్కూళ్లు అడుగుతాయి.

హెచ్4 మీద చదువుకోవచ్చు, జీతానికి మాత్రం ఈఏడీ ఉండాలి. మీ చెల్లెలికి ఉంది కాబట్టి బెంగ లేదు. దాని గడువు తేదీ ఒక్కటి గమనించుకోమనండి.

---

జవాబు 3: గెయిట్‌బెల్ట్

కష్టమైన భాగం స్కిల్స్, అంటే పనులు చేసి చూపించే పరీక్ష. జార్జియాలో జరిగేది ఎన్ఎన్ఏఏపీ అనే నర్స్ ఎయిడ్ పరీక్ష. రాతపరీక్షలో 70 ప్రశ్నలు, 60కే మార్కులు, రెండు గంటల సమయం. చెవిలో వినిపించే ఓరల్ పరీక్ష కూడా ఎంచుకోవచ్చు, తెలుగులో మాత్రం లేదు. స్కిల్స్‌లో ఐదు చేయిస్తారు, ఐదూ గట్టెక్కాలి. చేతులు కడగడం తప్పనిసరి. కొలిచి రాసేది ఒకటి ఉంటుంది. మిగిలినవి ఏవి వస్తాయో ఆరోజే తెలుస్తుంది.

ప్రతి స్కిల్‌కీ మెట్ల జాబితా ఉంటుంది. అందులో కొన్ని క్రిటికల్ మెట్లు. వాటిలో ఒక్కటి వదిలేస్తే మిగతాదంతా ఎంత బాగా చేసినా ఆ స్కిల్ పోయినట్లే. కంఠస్థం చేసేవాళ్లు తప్పుతారు, ఎందుకో తెలిసినవాళ్లు తప్పరు. కొన్ని చూడండి.

చేతులు కడగడం: సబ్బు నురగతో కనీసం 20 సెకన్లు రుద్దాలి, అంతసేపూ చేతులు మోచేతులకన్నా కిందే ఉండాలి. మురికినీళ్లు పైకి పాకకూడదనే. సింక్ లోపలి గోడకు వేలు తగిలినా చేయి మళ్లీ మురికైనట్లే. కుళాయిని తడి చేత్తోనో, చేతులు తుడుచుకున్న టవల్‌తోనో కట్టేస్తారు చాలామంది. వేరే పొడి పేపర్ టవల్‌తో కట్టేయాలి.

మంచం నుంచి చక్రాల కుర్చీకి: కుర్చీ బ్రేకులు వేసి, ఫుట్‌రెస్టులు పక్కకు మడిచి, రెసిడెంట్‌కి జారని చెప్పులు తొడిగి, పాదాలు నేలకు ఆనాయో లేదో చూసుకుని, అప్పుడు రెసిడెంట్ నడుముకు కట్టిన గెయిట్ బెల్టు పట్టుకుని లేపాలి. బెల్టు బట్టల మీదే కట్టాలి. లేపాక గుర్తొచ్చి బ్రేక్ వేస్తే లాభం లేదు, ఆపాటికి మనిషి పడిపోయి ఉండేవాడని లెక్క.

బలహీనమైన చేయి ఉన్నవాళ్ల బట్టలు: తొడిగేటప్పుడు బలహీనమైన వైపు ముందు, విప్పేటప్పుడు బాగున్న వైపు ముందు. వంగని చేయిని మిగిలిన కొద్ది చొక్కాలో దూర్చలేం కదా, కారణం అంతే.

మహిళల పెరీ కేర్ (మర్మాంగాల శుభ్రత): ముందునుంచి వెనక్కే తుడవాలి, ప్రతిసారీ గుడ్డలో కొత్త భాగంతో. కథీటర్ (మూత్రం బయటికి తీసే గొట్టం) అయితే శరీరంలోకి వెళ్లేచోట గొట్టాన్ని లాగకుండా పట్టుకుని, అక్కడినుంచి బయటికి కనీసం నాలుగు అంగుళాలు ఒకే దిశలో తుడవాలి.

కొలతలు: నాడి, శ్వాస పూర్తి నిమిషం లెక్కపెట్టాలి. 30 సెకన్లు చూసి రెట్టింపు చేస్తే తేడా కూడా రెట్టింపవుతుంది. పరీక్షకురాలి లెక్కకు నాడిలో 4, శ్వాసలో 2, బీపీలో 8 లోపు తేడాకే ఒప్పుకుంటారు. మూత్రం కొలిచేటప్పుడు గిన్నెను చదునైన చోట పెట్టి కళ్ల ఎత్తుకు వచ్చేలా వంగి చూడాలి. తేడా 25 మిల్లీలీటర్లు దాటిందా, పోయింది.

ఇక ప్రతి స్కిల్‌లోనూ వచ్చే చిల్లర మెట్లు: తలుపు తట్టడం, పేరు చెప్పుకోవడం, చేసేది ముందే వివరించడం, కర్టెన్ వేయడం, చివర మంచం కిందికి దించి కాల్ లైట్ (నర్సును పిలిచే బటన్) చేతికందేలా పెట్టడం. ఒక్కోటి చిన్నదే, ఐదు స్కిల్స్‌లోనూ వదిలేస్తే చిన్నది కాదు.

మధ్యలో తప్పు గుర్తొస్తే ఏం తప్పిందో పైకి చెప్పి సరిదిద్దుకోవచ్చు, ఆ స్కిల్ ముగిసేలోపు. వరుస ముఖ్యమైన మెట్లకు ఈ వెసులుబాటు లేదు. కనీసం మూడుసార్లు రాసే అవకాశం ఉంటుంది. రాత, స్కిల్స్‌లో ఏది పోతే అదే మళ్లీ.

---

జవాబు 4: తెల్లకోటు

పైనాయన చెప్పిందంతా సరే. కానీ రాతపరీక్షను తేలిగ్గా వదిలేయొద్దు. ఉష్ణోగ్రత ఫారన్‌హీట్‌లో, బరువు పౌండ్లలో, టైము 24 గంటల లెక్కలో. తాగినవి ఔన్సుల్లో ఇచ్చి మిల్లీలీటర్లు అడుగుతారు: 1 ఔన్సు 30 మిల్లీలీటర్లు, 8 ఔన్సుల గ్లాసు 240.

ఇంకోటి, మన ఇంటి పద్ధతి అడ్డం పడే ప్రశ్నలు. పెద్దాయన స్నానం వద్దంటే మనం బుజ్జగించో, కసిరో చేయించేస్తాం. అక్కడ సరైన జవాబు: వద్దనే హక్కు ఆయనకుంది, నర్సుకి చెప్పాలి. మామ్మగారిని ప్రేమగా గ్రాండ్‌మా అన్నా తప్పే, వాళ్లు కోరిన పేరుతోనే పిలవాలి. చేతకాదని అన్నం మొత్తం మనమే తినిపించడం కూడా తప్పు, తినగలిగినంత వాళ్లనే తిననివ్వాలి. మందులివ్వడం, కథీటర్ పెట్టడం, డాక్టర్ ఫోన్‌లో చెప్పే ఆర్డర్లు రాసుకోవడం సీఎన్‌ఏ పని కాదు. ఆప్షన్లలో ఇవి కనబడితే కొట్టేయొచ్చు.

---

మొగలిరేకు

చాలా థ్యాంక్సండీ అందరికీ. కాలిఫోర్నియా సంగతి మిగిలింది. ఇంకో మాట: మా వదిన ఇండియాలో బీఎస్సీ నర్సింగ్ చేసి వచ్చింది, ఎన్‌క్లెక్స్ (అమెరికా నర్సు లైసెన్స్ పరీక్ష)కి చదువుతోంది. తనూ మొత్తం కోర్సు చేయాలా?

---

జవాబు 5: కాగితాలపులి

మీ వదినగారికి కోర్సు చేసే పని తప్పొచ్చు. కాలిఫోర్నియా లాంటి కొన్ని రాష్ట్రాలు విదేశాల్లో నర్సింగ్ చదివినవాళ్లను ట్రాన్‌స్క్రిప్ట్ చూసి నేరుగా పరీక్షకు అనుమతిస్తాయి. ఆవిడ ఉండే రాష్ట్ర రిజిస్ట్రీకి ముందు రాసి, ఏ కాగితాలు కావాలో జవాబు చేతికొచ్చాక కాలేజీనుంచి తెప్పించుకోవాలి. అయినా స్కిల్స్ సాధన మానొద్దు. డిగ్రీ ఉన్నవాళ్లు కాల్ లైట్ దగ్గర పోగొట్టుకోవడం మామూలే.

మీ చెల్లెలు మళ్లీ శిక్షణ తీసుకోనక్కర్లేదు. జార్జియా రిజిస్ట్రీలో ఆమె పేరు యాక్టివ్‌గా ఉండి, రెసిడెంట్లను బాధపెట్టారన్న నిందలేవీ నమోదు కాకపోతే రెసిప్రాసిటీ (ఒక రాష్ట్రం సర్టిఫికెట్‌ను ఇంకో రాష్ట్రం గుర్తించడం) కింద కాలిఫోర్నియా ప్రజారోగ్య శాఖకు దరఖాస్తు చేయాలి. వేలిముద్రలు లైవ్ స్కాన్‌లో (డిజిటల్ పద్ధతిలో) మళ్లీ ఇవ్వాలి. జార్జియా సర్టిఫికెట్ గడువుండగానే పంపాలి, లాప్స్ అయ్యాక కాదు. వరుసగా 24 నెలలు జీతానికి ఈ పని చేయకపోతే రాష్ట్రాన్నిబట్టి శిక్షణ, పరీక్ష రెండూ గానీ, పరీక్ష ఒక్కటే గానీ మళ్లీ చేయాలి. ఇంట్లో అత్తమామలకు చేసిన సేవ ఈ లెక్కలోకి రాదు. కాలిఫోర్నియాలో రెన్యువల్‌కి రెండేళ్లలో 48 గంటల కంటిన్యూయింగ్ ఎడ్యుకేషన్ కూడా ఉంది, ఏడాదికి 12కి తగ్గకుండా.

మారేముందు జార్జియాలో పనిచేసిన చోట జీతం స్టబ్‌లు, మేనేజర్ సంతకంతో పనిచేసినట్లు లెటర్ తీసుకుని పెట్టుకోమనండి. ఊరు దాటాక వాటికోసం ఫోన్లు చేస్తే పలికేవాళ్లుండరు.