మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ ఆలోచన ఉన్నవారు డిగ్రీ ఎక్కడ చదవాలి?

ప్రశ్న (నల్లగొండ నుంచి ఒక తండ్రి):
మా అమ్మాయి ఈ ఏడాది సీఈసీ గ్రూపుతో ఇంటర్ పూర్తి చేసింది. క్లాట్‌లో (జాతీయ లా విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష) ఆశించిన ర్యాంకు రాకపోవడంతో, ముందు డిగ్రీ చదివి ఆ తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరతానంటోంది. దోస్త్‌లో (తెలంగాణ డిగ్రీ కళాశాలల ఆన్‌లైన్ ప్రవేశాలు) ఆప్షన్లు పెట్టుకునే గడువు దగ్గరపడింది. హైదరాబాద్‌లోని ఒక ప్రైవేటు కళాశాలవారు బీఏతో పాటు లాసెట్ (రాష్ట్ర లా ప్రవేశ పరీక్ష) శిక్షణ ఇస్తామని, తమ దగ్గర చదివితే లా సీటు సులువుగా వస్తుందని చెప్పి ఏడాదికి లక్షకు పైగా అడుగుతున్నారు. ఇంటి నుంచి రోజూ వెళ్లి రాగలిగిన దూరంలో ప్రభుత్వ కళాశాల ఉంది. సీటు ఇచ్చేటప్పుడు డిగ్రీ ఎక్కడ చదివారో చూస్తారా? బీఏ మంచిదా, బీకాం మంచిదా? తెలిసినవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1 (సివిల్ న్యాయవాది, హైదరాబాద్):
డిగ్రీ ఎక్కడ చదివారో చూడరండి. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి ఏ సబ్జెక్టులోనైనా డిగ్రీ ఉండి, అందులో జనరల్ వారికి 45, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులుంటే చాలు. ఆపైన సీటు లాసెట్ ర్యాంకును, రిజర్వేషన్‌ను, స్థానికతను బట్టి వస్తుంది. పరీక్ష 90 నిమిషాల్లో 120 ప్రశ్నలు. అందులో 60 న్యాయశాస్త్ర అభిరుచికి సంబంధించినవి, మిగిలినవి జనరల్ నాలెడ్జి, వర్తమాన వ్యవహారాలు. దీనికి చివరి ఏడాదిలో కొన్ని నెలలు శ్రద్ధగా చదివితే సరిపోతుంది గనుక, మూడేళ్ల శిక్షణ పేరుతో లక్షలు కట్టడంలో నాకు అర్థం కనిపించదు.

సబ్జెక్టుల విషయానికొస్తే, చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రాలతో బీఏ చదివినవారికి రాజ్యాంగం లా కళాశాలలో కొత్తగా అనిపించదు. బీకాం చదివినవారు చెక్ బౌన్స్ కేసుల్లోను, పన్నుల వ్యవహారాల్లోను లెక్కల పుస్తకం చూసి బెదరరు. అయితే మా ఆఫీసుకు వచ్చే జూనియర్లలో ఎక్కువమంది ఇబ్బంది పడేది భాషతోనే. పాత దస్తావేజులు, పహాణీలు (భూమి రికార్డులు) చదివి విషయం గ్రహించి, దానిని నాలుగు తిన్నని ఇంగ్లీషు వాక్యాల్లో దావాగా రాయాలి. సాక్షి తెలుగులో చెప్పినదాని అర్థం మారకుండా చూసుకోవాలి. అందువల్ల ఆ రెండు కళాశాలలకూ ఒకసారి స్వయంగా వెళ్లి, అధ్యాపకులు క్లాసుకు వస్తున్నారా, గ్రంథాలయం తెరిచి ఉంటోందా, పిల్లల చేత ఏమైనా రాయిస్తున్నారా అన్నది చూడండి. బ్రోషర్లలో ఇవేవీ ఉండవు.

జవాబు 2 (ఢిల్లీలో ఎల్‌ఎల్‌బీ చదువుతున్న విద్యార్థి):
న్యాయవాది గారు చెప్పినదానికి ఒక జాగ్రత్త చేరుస్తాను. లాసెట్ ఒక్కటే దారి అనుకోవద్దు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి సీయూఈటీ పీజీ అనే జాతీయస్థాయి ప్రవేశ పరీక్ష రాయాలి. అక్కడ జనరల్ అభ్యర్థులకు డిగ్రీలో 50 శాతం ఉండాలి. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్ కూడా 2022లో మూడేళ్ల కోర్సు మొదలుపెట్టి, దానికి తన సొంత ప్రవేశ పరీక్ష పెడుతోంది. కనుక లాసెట్‌కు 45 చాలునని డిగ్రీని తేలికగా తీసుకోకుండా, బ్యాక్‌లాగులు మిగలకుండా చూసుకోమని అమ్మాయికి చెప్పండి.

జవాబు 3 (వరంగల్ నుంచి ఒక అధ్యాపకురాలు):
పైవారితో పూర్తిగా ఏకీభవించలేను. అమ్మాయి లా చదవాలని నిశ్చయించుకున్నప్పుడు క్లాట్ పోయిందని డిగ్రీకి మళ్లడం దేనికి? లాసెట్‌లోనే ఇంటర్ అర్హతతో ఐదేళ్ల కోర్సు ఉంది. డిగ్రీ మూడు, ఎల్‌ఎల్‌బీ మూడు కలిస్తే ఆరేళ్లు, ఇక్కడ ఐదు. పైగా 2025 మేలో సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పోస్టులకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి చేసింది కాబట్టి, ఆ ఆశ ఉన్నవారికి ఒక్క ఏడాది కూడా లెక్కే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. ఐదేళ్ల కోర్సు గురించి అమ్మాయిని అడిగితే, తనకు లా మీద ఇష్టముంది గాని పూర్తి నమ్మకం ఇంకా కుదరలేదని మొదటిసారి చెప్పింది.

జవాబు 1 (మళ్లీ):
అలాగైతే డిగ్రీయే చదవనివ్వండి. మధ్యలో మనసు మారినా చేతిలో పట్టా ఉంటుంది. ఐదేళ్ల కోర్సు రెండో ఏట మానేస్తే మళ్లీ ఇంటర్ దగ్గరే నిలబడాలి. సెలవుల్లో ఒకసారి నల్లగొండ జిల్లా కోర్టుకు తీసుకెళ్లి, వెనక బెంచీలో కూర్చుని ఒక పూట విచారణలు చూడమనండి.