సమ్మర్ క్యాంపులో గుర్రపు స్వారీ నేర్పడం – అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్తే. హన్మకొండ దగ్గర పిల్లల సమ్మర్ క్యాంపులో రైడింగ్ నేర్పడానికి ఒప్పుకున్నాను. ఎనిమిది నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు. స్వారీ నాకు బాగానే వచ్చు గానీ, పిల్లలకు నేర్పడం ఇదే మొదటిసారి.

అసలు సమస్య గుర్రాలది. మూడింటిలో రెండు పెళ్లి బరాత్‌లకు పోయేవే. మే నెలంటే ముహూర్తాల సీజన్ కదా, రాత్రంతా బ్యాండు ముందు నిలబడి పొద్దున్నే క్యాంపుకు వస్తాయి. ఒకటైతే దూరంగా డప్పు వినిపించినా కాళ్లాడిస్తుంది! చూడ్డానికి ముచ్చటే, కానీ జీను మీద చిన్న పిల్ల ఉంటే నాకు టెన్షన్. ఇలాంటి గుర్రాన్ని లాంగ్ తాడు మీద గుండ్రంగా తిప్పుతూ కొత్తవాళ్లకు నేర్పొచ్చా, లేక పక్కన పెట్టేయాలా? రాత్రి పని చేసిన గుర్రానికి పొద్దున సెలవివ్వమని ఓనర్‌ను ఎలా ఒప్పించాలి?

ఎండ సంగతి మీకు తెలిసిందే, మన దగ్గర 43 డిగ్రీలు మామూలే. అందుకే ఏడున్నరకల్లా ముగించాలనుకుంటున్నా. నిర్వాహకులేమో పదింటి దాకా నడపమంటున్నారు.

ఇంకోటి, పిల్లలు చెప్పులతో వస్తున్నారు. పాదం రికాబు (జీనుకు వేలాడే, పాదం పెట్టుకునే ఇనుప రింగు) లోంచి లోపలికి జారి ఇరుక్కుంటే, పడినప్పుడు గుర్రం ఈడ్చుకుపోతుంది. కాస్త మడమ ఉన్న బూట్లు, హెల్మెట్ లేకపోతే ఎక్కించనని చెప్తే తల్లిదండ్రులు “రెండు రౌండ్లకే ఇంతా?” అంటున్నారు. మీరైతే ఏం చెప్తారు? ఒక్కరే ఉంటే ఒకేసారి ఎంతమందిని చూసుకుంటారు?