ఆకులు పసుపెక్కుతున్నాయని అడిగితే పొంతన లేని జవాబులు వచ్చాయి

ప్రశ్న:
కుండీలోని మందార మొక్క ఆకులు పసుపెక్కుతున్నాయి, ఏం చేయమంటారు అని గతవారం అడిగాను. నీళ్లు తగ్గించమని ఒకరు, పెంచమని మరొకరు, ఎరువు వేయమని ఇంకొకరు చెప్పారు. ముగ్గురూ అనుభవం ఉన్నవారే. లోపం నేను అడిగిన తీరులో ఉందా? ఉంటే, ఎలా అడిగి ఉండవలసింది?

జవాబు 1:
వారిలో ఎవరూ తప్పు చెప్పలేదనే అనుకుంటున్నాను. ఎవరికి వారు తాము చూసిన మొక్కను మనసులో పెట్టుకుని చెప్పారు. ఏ ఆకులు పసుపెక్కాయో మీరు రాయలేదు, కీలకం అక్కడే ఉంది. నత్రజని చాలనప్పుడు మొక్క ముదురు ఆకుల్లో ఉన్నదాన్ని చిగుళ్లకు తరలించుకుంటుంది కాబట్టి కింది ఆకులు ముందుగా పాలిపోతాయి. ఇనుము అలా సులువుగా కదలదు. అది అందనప్పుడు లేత ఆకులే పసుపెక్కుతాయి, వాటి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటాయి. ఇక నీళ్ల సంగతి, మట్టిలో వేలు గుచ్చి చూస్తే తెలిసిపోయేదే.

జవాబు 2:
నిజమే గానీ, వివరాలు కుప్పపోసినా ప్రయోజనం ఉండదు (మొక్క జీవితచరిత్ర చదివే ఓపిక ఎవరికి ఉంటుంది?). మార్పు ఎప్పుడు మొదలైంది, దానికి ముందు మీరు ఏం చేశారు, ఈ రెండూ రాయండి. మరొక మాట: మీ అనుమానాన్నే ప్రశ్నగా అడగకండి. నా ల్యాప్‌టాప్ నెమ్మదించినప్పుడు ర్యామ్ ఎంత పెంచాలని అడిగాను. అందరూ లెక్క చెప్పారు, కొని వేయించాను, చివరికి చూస్తే పాడవుతున్నది హార్డ్ డిస్క్. ప్రోగ్రామర్లు దీన్ని ఎక్స్‌వై సమస్య అంటారు. నెమ్మదించిందని మాత్రమే రాసి ఉంటే, డిస్క్ చూడమని ఎవరో ఒకరు చెప్పి ఉండేవారు.

ప్రశ్న అడిగినవారు:
మళ్లీ అడుగుతున్నాను. 3 వారాలుగా లేత ఆకులు ఈనెల మధ్య పసుపెక్కుతున్నాయి, కింది ఆకులు బాగానే ఉన్నాయి. రోజూ నీళ్లు పోస్తున్నాను. 2 అంగుళాల లోతున మట్టి ఎప్పుడూ తడిగానే ఉంటోంది. కుండీ గానీ చోటు గానీ మార్చలేదు, ఎరువు వేయలేదు.

జవాబు 1:
ఇప్పుడు మొక్క కంటికి కనిపిస్తోంది. ఎప్పుడూ తడిగా ఉండే మట్టిలో వేళ్లకు గాలి ఆడదు, అప్పుడు ఇనుము ఉన్నా అవి సరిగా తీసుకోలేవు. ఇనుము మందు కొనే ముందు, పై 2 అంగుళాల మట్టి ఆరిన తరువాతే నీళ్లు పోస్తూ కొత్త చిగుళ్లు ఏ రంగులో వస్తాయో గమనించండి. అన్నట్టు, కుండీ అడుగున రంధ్రాలు మూసుకుపోలేదు కదా?