పదేళ్లనాటి లాప్‌టాప్‌కు ఏ లినక్స్ వేయమంటారు?

ప్రశ్న:
మా ఇంట్లో పదేళ్లనాటి లాప్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, పాత హార్డ్ డిస్క్. విండోస్ 10కు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, విండోస్ 11కు ఈ ప్రాసెసర్ సరిపోదు. వాడేది నాన్నగారు. మెయిల్ చూస్తారు, ఉత్తరాలు టైపు చేస్తారు, ఫొటోలు దాచుకుంటారు. విండోస్ బదులు వేసుకునే లినక్స్‌లో ఉబుంటు, మింట్, ఫెడోరా, డెబియన్ అనే రకాల గురించి నాలుగు రోజులుగా చదువుతున్నాను. చదివినకొద్దీ అయోమయమే మిగులుతోంది. ఒకసారి వేస్తే ఆయన నిశ్చింతగా వాడుకోవాలి. ఏది మేలు?

జవాబు 1:
ఫెడోరా వేయండి. కొత్త కెర్నల్ (సిస్టమ్‌కు గుండెకాయ లాంటి భాగం), కొత్త గ్నోమ్ (తెర మీద కనిపించే డెస్క్‌టాప్) త్వరగా అందుతాయి. మూడేళ్లుగా వాడుతున్నాను, ఏ ఇబ్బందీ లేదు.

జవాబు 2:
ఫెడోరా నాకూ ఇష్టమే, కానీ నాన్నగారికి వద్దు. ఒక్కో విడుదలకు దాదాపు 13 నెలలే మద్దతు. అంటే ఏటా మీరు కూర్చుని అప్‌గ్రేడ్ చేయాలి. మింట్ 22కు ఆధారం ఉబుంటు 24.04 కాబట్టి 2029 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. అందులో ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే డెస్క్‌టాప్ ఉన్న రకం తీసుకోండి, 4 జీబీకి మింట్‌లోనే దొరికే మరో డెస్క్‌టాప్ సినమన్ కన్నా అదే తేలిక. మెనూ కింద ఎడమ మూలనే ఉంటుంది, విండోస్‌కు అలవాటుపడిన చేయి తడుముకోదు.

అయితే ఏది ఎంచుకున్నా ముందు పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి, హార్డ్ డిస్క్ జోలికి పోకుండా ఒక సాయంత్రమంతా వాడి చూడండి. మా అమ్మ లాప్‌టాప్‌కు నేను ఈ పని చేయలేదు. నేరుగా ఇన్‌స్టాల్ చేసి, వైఫై పనిచేస్తోందని తృప్తిపడి వచ్చేశాను. మర్నాడు ఆమె మూత వేసి మళ్లీ తెరిస్తే తెర నల్లగానే ఉండిపోయింది. లోపల ఫ్యాను తిరుగుతోంది, క్యాప్స్ లాక్ నొక్కితే దీపం వెలగదు. పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేసరికి సగం రాసిన ఉత్తరం పోయింది. ఆమె నన్నేమీ అనలేదు, కానీ వారం రోజులు దాన్ని ముట్టుకోలేదు. కొత్త కెర్నల్ వేశాక సమస్య తీరింది. అయినా ఆ వారం నాకింకా బాధగానే ఉంటుంది. మూత వేసి తెరవడం, ప్రింటరు, హెడ్‌ఫోను మూడూ తప్పకుండా చూడండి.

జవాబు 3:
మింటే సరైనది. వీలైతే హార్డ్ డిస్క్ బదులు ఎస్‌ఎస్‌డీ (అంతకన్నా వేగంగా పనిచేసే డిస్క్) కూడా వేయించండి, పాత డిస్క్‌తో ఏది వేసినా నత్తనడకే. మింట్‌లో సిస్టమ్‌ను పాత స్థితికి తెచ్చే టైమ్‌షిఫ్ట్ ఉంది కదా అని ఫొటోల గురించి ధీమా పడొద్దు. మామూలు అమరికలో అది సిస్టమ్ ఫైళ్లనే దాస్తుంది. ఫొటోలు వేరే డిస్క్‌లోకి కాపీ చేశాకే ఇన్‌స్టాల్ మొదలుపెట్టండి.

ప్రశ్న అడిగినవారు:
నిన్న రాత్రి పెన్‌డ్రైవ్‌తో మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ నడిపి చూశాను. మూత నాలుగుసార్లు వేసి తెరిచాను, ప్రతిసారీ తెర వెలిగింది. ప్రింటరును తనంతట తానే గుర్తుపట్టింది. హెడ్‌ఫోను పెట్టినప్పుడు మాత్రం శబ్దం రాలేదు, సెట్టింగుల్లో అవుట్‌పుట్ మారిస్తే వచ్చింది. ప్రస్తుతం ఫొటోలు కాపీ అవుతున్నాయి. పూర్తయ్యాక నాన్నగారిని పక్కన కూర్చోబెట్టుకునే ఇన్‌స్టాల్ చేస్తాను.