కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు మీద ఎక్స్‌పీ: డీఎంఏ రావడం లేదు, తప్పు అడాప్టర్‌దా కార్డుదా?

పాత ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ తీసేసి, 44 పిన్నుల ఐడీఈ (పాత హార్డ్ డిస్కుల కనెక్షన్) అడాప్టర్‌తో 16 జీబీ కాంపాక్ట్‌ఫ్లాష్ కార్డు పెట్టాను. విండోస్ ఎక్స్‌పీ ఎస్‌పీ3 బాగానే ఇన్‌స్టాల్ అయింది, బూట్ కూడా అవుతోంది. చప్పుడు లేదు, వేడి లేదు, అందుకే దీన్ని వదులుకోబుద్ధి కావడం లేదు. కానీ ఏ ఫైల్ సేవ్ చేసినా 5 నుంచి 10 సెకన్లు మొత్తం బిగుసుకుపోతోంది. రీడ్ స్పీడు సెకనుకు 3 ఎంబీ దాటదు, ఆ సమయంలో సీపీయూ 100 శాతం. డివైస్ మేనేజర్‌లో ప్రైమరీ ఐడీఈ ఛానల్ పీఐఓ మోడ్ (డేటాను సీపీయూనే మోసే నెమ్మది పద్ధతి) అని చూపిస్తోంది, డీఎంఏ (సీపీయూ మోయకుండా డేటా నేరుగా మెమరీకి వెళ్లే వేగమైన పద్ధతి) రావడం లేదు.

ఎర్రర్లు పదేపదే వస్తే ఎక్స్‌పీ తనంతట తానే పీఐఓకి దిగిపోతుంది కదా అని ఛానల్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసి రీస్టార్ట్ చేశాను. మళ్లీ పీఐఓనే. పేజ్‌ఫైల్ (ర్యామ్ చాలనప్పుడు విండోస్ డిస్క్ మీద వాడే ఫైల్) ఆపినా తేడా లేదు. లైనక్స్ లైవ్ సీడీలో హెచ్‌డీపార్మ్‌తో (డిస్క్ వివరాలు చూపే టూల్) చూస్తే కార్డు యూడీఎంఏ4 (డీఎంఏలో ఒక వేగమైన మోడ్) సపోర్ట్ చేస్తుందనే వస్తోంది. పాత డిస్క్ తిరిగి పెడితే అదే ఛానల్‌లో డీఎంఏ వస్తోంది.

కొన్ని చవక అడాప్టర్లలో డీఎంఏ లైన్లు కలపరు, నా అనుమానం అక్కడే. ఆ లైన్లు ఉండే కార్డు వైపు 43, 44 పిన్నుల నుంచి ఐడీఈ వైపు వరుసగా 21, 29 పిన్నులకు మల్టీమీటర్‌తో కంటిన్యుటీ (లైన్ తెగకుండా కలిసి ఉందా అని) చూస్తే, తప్పు అడాప్టర్‌దో కార్డుదో కచ్చితంగా తేలిపోతుందా?