కోకిలది పంచమమేనా?

ప్రశ్న: కోకిల పంచమంలో, అంటే సప్తస్వరాల్లోని “ప”లో, కూస్తుందని స్వరాల గురించి చెప్పే పాత సంస్కృత గ్రంథం నారదీయ శిక్ష నాటి నుంచీ అంటూనే ఉన్నాం. నెమలికి షడ్జం (స), మేకకు గాంధారం (గ), క్రౌంచ పక్షికి మధ్యమం (మ) పంచిపెట్టారు, సరే. ఎండాకాలం పొద్దున్నే హైదరాబాద్ కేబీఆర్ పార్కు పక్కన నిలబడితే ఒక్కో కూత ఒక్కో ఎత్తులో వినిపిస్తోంది. పంచమమని తేల్చుకునే మార్గం ఏదైనా ఉందా?

జవాబు: మీరు విన్నది నిజమేనండీ. మగ కోకిల కుహూ ఒకచోట నిలవదు. మొదటిది కిందగా ఎత్తుకుంటుంది, ఒక్కో కూతకూ పైపైకి వెళ్తుంది, కొసకెళ్ళి ఠక్కున ఆపేస్తుంది. కాసేపటికి మళ్ళీ కింది నుంచి మొదలు. ఒక్క కుహూలో కూడా “కు” నుంచి “హూ”కు జారుడు ఉంటుంది. ఇక పంచమమంటే షడ్జానికి ఒకటిన్నర రెట్లు: షడ్జం 240 హెర్ట్జ్ అయితే పంచమం 360. పిట్ట షడ్జమేదో తెలియకుండా పంచమమనడం కుదరదు. మనకు నచ్చినచోట షడ్జం పెట్టుకుంటే ఏ కుహూ అయినా పంచమమే అవుతుంది!

అయినా కొలవొచ్చు. ఫోన్‌లో వేవ్ ఫైలుగా రికార్డు చేయండి, నాయిస్ రిడక్షన్ ఆపేయండి. స్పెక్ట్రోగ్రామ్‌లో, అంటే శబ్దం ఎత్తును కాలంతోపాటు గీతలుగా చూపే పటంలో, ఒకే వరుసలోని మొదటి “హూ”, చివరి “హూ” ఎక్కడిదాకా వెళ్ళాయో చూసి, చివరిదాన్ని మొదటిదానితో భాగించండి. 1.5కి దగ్గరగా వస్తే మొదటి కూత షడ్జం, చివరిది పంచమం అనుకోవచ్చు. అన్నిటికంటే కిందున్న గట్టి గీతనే చదవాలి. పైన కనిపించే పలచటి గీతలు అనుస్వరాలు, అంటే అసలు స్వరంతోపాటు దాని రెట్లలో పలికే పై స్వరాలు, వాటిని పట్టుకుంటే లెక్క రెట్టింపవుతుంది. దూరంగా ఇంకో మగది బదులిస్తుంటే ఆ కూతల్ని ఇందులో కలపొద్దు.

ఇంకొకరు: నిలకడైన శ్రుతి కావాలంటే కంసాలి పిట్టను వినండి. టుక్, టుక్, టుక్... సుత్తి దెబ్బల్లా ఒకే స్వరం, ఒకే నడక. తల అటూ ఇటూ తిప్పుతుంది కాబట్టి శబ్దం దగ్గరైనట్టూ దూరమైనట్టూ అనిపిస్తుంది, అంతే. శిక్షాకారులు దీన్నెందుకు వదిలేశారో!

మరొకరు: కోకిలమ్మ పాడిందని రాసేవాళ్ళకు ఓ మాట. కుహూ అనేది నల్లటి మగది. చుక్కల గోధుమరంగు ఆడదానిది గబగబా వచ్చే కిక్-కిక్-కిక్ అరుపు. దాన్ని కూజితమనడానికి నాకు నోరు రాదు.

ప్రశ్న: మూడు ముక్కలుగా పలుకుతూ, అరుపు దాకా ఎక్కేది కూడా కోకిలేనా?

జవాబు: కాదండీ, అది పపీహా అనే వేరే పిట్ట. అదీ మెట్లెక్కినట్టే ఎక్కి తెగిపోతుంది, అందుకే పొరబడతారు. కోకిలది రెండు ముక్కల కూత. పక్కనే “హూప్ హూప్” అని లోగొంతుతో జెముడుకాకి కూడా ఉంటే రికార్డర్‌లో కింది స్వరాలను కోసేసే లో-కట్ ఫిల్టరును ఆపేయండి, లేకపోతే దాని కూత సగం పోతుంది. రికార్డు చేసింది అక్కడికక్కడే గట్టిగా పెట్టి వినిపించకండి. పోటీ మగది వచ్చిందనుకుని కోకిల కూత మార్చేస్తే కొలత పాడవుతుంది.