పాప్‌కార్న్ మెషీన్‌లో అరకు గింజలు మాడుతున్నాయి, ఏం చేయాలి?

ఎంవీపీ కాలనీ: మూలపడి ఉన్న వేడిగాలి పాప్‌కార్న్ మెషీన్‌లో కాఫీ గింజలు వేయిస్తున్నానండి. 80 గ్రాములు వేస్తే మూడో నిమిషానికే ఫస్ట్ క్రాక్ (గింజలు మొదటిసారి పగిలే) చిటపటలు మొదలవుతున్నాయి, ఐదో నిమిషానికి నల్లబడి నూనె తేలుతోంది. పైన మాడు, కొరికితే లోపల పచ్చి. ఫ్యాన్ రెగ్యులేటర్ పెట్టి వేడి తగ్గించనా?

గాజువాక: వద్దండీ! వెయ్యి వాట్లు దాటిన హీటర్‌ను సీలింగ్ ఫ్యాన్ రెగ్యులేటర్ మోయలేదు. పైగా ఇలాంటి చాలా మెషీన్లలో మోటారుకు విడిగా సప్లై ఉండదు. హీటర్ కాయిల్ దాటి వచ్చిన తక్కువ వోల్టేజీయే డయోడ్ల మీదుగా దానికి అందుతుంది. వేడి తగ్గిస్తే గాలీ పడిపోతుంది, గింజలు తిరగక అడుగునే మాడతాయి. నేను రెండూ విడదీశాను: మోటారుకు సరిపడే డీసీ అడాప్టర్, హీటర్‌కు దాని లోడుకు రెట్టింపు మోయగల రెగ్యులేటర్. వైరింగ్ పని తెలిసినవాళ్లతోనే చేయించండి. వేడి మితిమీరితే కరెంటు ఆపేసే థర్మల్ ఫ్యూజు మాత్రం ఎవరు చెప్పినా తీయొద్దు. ఓసారి నా అడాప్టర్ పిన్ను ఊడి ఫ్యాన్ ఆగిపోయింది, హీటర్ ఎర్రగా కాలుతోంది. ఆ ఫ్యూజు పోబట్టే ఇల్లు దక్కింది. అప్పట్నుంచీ ముందు ఫ్యాన్, తర్వాతే హీటర్. ఆపేటప్పుడు ముందు హీటర్.

సీతమ్మధార: దానికన్నా ముందు లోపల చూడండి. గాలి పక్క చీలికల్లోంచి వస్తే సరే. అడుగున జాలీ ఉంటే పొట్టు హీటర్ మీద పడి అంటుకుంటుంది, అది వాడకండి. మేడ మీద వేయించకండి కూడా. సాయంత్రం సముద్రపు గాలి మొదలైతే అదే సెట్టింగ్‌లో నాకు రెండు నిమిషాలు ఎక్కువ పట్టేది. పచ్చి గింజల్ని గోనెసంచిలో ఉంచితే మన విశాఖ చెమ్మకి బూజు వాసన వస్తుంది, బిగుతు మూత డబ్బాలో పెట్టుకోండి. సిల్వర్ ఓక్ నీడన గిరిజన రైతులు పెంచిన గింజలవి, 2019లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు పొందిన పంట. ఐదు నిమిషాల్లో మాడ్చేస్తే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

ఎంవీపీ కాలనీ: విప్పి చూశాను, పక్క చీలికలే. గాజువాక అన్నగారు చెప్పినట్టే తెలిసిన ఎలక్ట్రీషియన్‌తో విడదీయించాను. ఇవాళ ఏడో నిమిషానికి ఫస్ట్ క్రాక్, తొమ్మిదికి దించేశాను. 80 గ్రాములు 68కి వచ్చాయి. రంగు అంతా ఒకటే! వెంటనే డికాక్షన్ వేయొచ్చా?

సీతమ్మధార: ఒక్కరోజు ఆగండి. వేయించిన గింజలోంచి కార్బన్ డయాక్సైడ్ వస్తూనే ఉంటుంది, ఇప్పుడే వేస్తే పొడి పొంగి డికాక్షన్ సరిగా దిగదు. జల్లెడలో పోసి టేబుల్ ఫ్యాన్ కింద చల్లార్చారు కదా?

ఎంవీపీ కాలనీ: చల్లార్చాను. వంటింటి నిండా పొట్టేనండి, ఊడ్చుకుంటున్నాను. రేపు పొద్దున్నే తాగి రుచి చెబుతా.